కౌంటర్‌లో కూర్చున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుపు గొంతుతో చెప్పిందంతా రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. "అందరూ నన్ను నువ్వు అంటున్నారు పెదనాన్నా, చిన్నపిల్లనని లెక్కే లేదు" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే 1987లో ఇప్పుడు నువ్వున్న జగిత్యాల వైపే ఒక పల్లె బ్యాంకు బ్రాంచిలో కౌంటర్ మీద కూర్చున్న మొదటి వారం నేనూ మా నాన్నకి అచ్చం ఇదే ఉత్తరం రాశాను. కాస్త పెద్దగానే రాస్తున్నాను, లంచ్ టైంలో చదువుకో.

ముందు ఆ 'నువ్వు' సంగతి. మన కోనసీమలో మాట చివర 'అండి' లేకపోతే చెంప మీద కొట్టినట్టుంటుంది, నీ చెవి దానికి అలవాటు పడిపోయింది. అక్కడి పల్లెల్లో ఊరి పెద్దమనిషిని కూడా నువ్వు అనేస్తారు, అందులో చిన్నచూపేమీ ఉండదు. మర్యాద వేరే చోట ఉంటుంది. "మేడమ్, జర నువ్వే చూడరాదు" అన్నప్పుడు ఆ 'జర'లో ఉంది. "బిడ్డా" అని పిలుస్తారే, అందులో ఇంకా ఎక్కువ ఉంది. నీకు మీరు అనే అలవాటుంది కాబట్టి నువ్వు మీరనే అను, వాళ్లని మాత్రం వాళ్ల కొలతతోనే కొలువు.

నా పరువు పోయిన కథ ఒకటి చెబుతాను, మీ నాన్నకి కూడా తెలీదు. ఒకావిడ పాస్‌బుక్ పట్టుకుని వచ్చి, "మా ఇంటాయన పోయిండు సారూ, ఆయన పైసలు నేను తీసుకునుడెట్ల?" అంది. మనవైపు 'పోయారు' అంటే ఇంకేముంది! నేను మొహం వేలాడేసుకుని, కూర్చోమ్మా అని మంచినీళ్లు తెప్పించి, డెత్ సర్టిఫికెట్ కావాలి, నామినీగా నీ పేరుందో లేదో చూస్తాను అని మెల్లగా చెబుతున్నాను. ఆవిడ ఒక్కసారి లేచింది. "నా పెనిమిటి దుబాయ్ పోయిండంటే సచ్చిండంటవేంది సారూ!" బ్రాంచి అంతా నవ్వింది, నాకు చెమటలు పట్టాయి. నేనన్న మాటలో ఒక్క తప్పు లేదు, ఆవిడ మాటలోనూ లేదు. ఆ ఇళ్లలో సగం మంది మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారన్నది తెలిసి ఉంటే "ఎక్కడికి పోయిండమ్మా?" అని ఒక్క ముక్క అడిగేవాణ్ణి. అప్పట్నుంచి అర్థమైందనిపించిన మాటని కూడా ఇంకోసారి అడగడం నేర్చుకున్నాను.

ఇంకొకటి, మన 'చూద్దాంలెండి'. మనింట్లో దాని అర్థం కుదరదని, పాపం మొహం మీద అనలేక అలా అంటాం. అక్కడ ఒక రైతుకి లోన్ రెన్యూవల్ గురించి అలాగే అన్నాను, ఆయన నిజంగానే చూస్తాననుకుని మూడుసార్లు బస్సెక్కి వచ్చాడు. మూడోసారి నేనే సిగ్గుపడి "ఈ పంటకి కాదు, పాతది కడితేనే కొత్తది" అని చెప్పేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, "ఈ ముక్క మొదటి దినమే అంటే అయిపోవు గద" అన్నాడు. కాదన్నది కాదనే చెప్పు, ఎందుకు కాదో, ఎప్పుడవుతుందో కలిపి చెప్పు.

రేపు మీ ట్రైనింగ్‌లో ఎవరో ఒకరు తెర మీద లెక్క చూపిస్తారు, మాటల విలువ 7 శాతం, గొంతు 38, మొహం 55 అని. దాన్ని పట్టుకుని టెన్షన్ పడకు. అది మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో ప్రచురించిన పరిశోధనల నుంచి వచ్చింది, అందులో చూసింది ఒంటి మాటలు పలికేటప్పుడు ఇష్టం, అయిష్టం ఎలా తెలుస్తాయన్నదే, అన్ని సంభాషణలకీ అది వర్తించదని ఆయనే చెప్పాడు. వడ్డీ ఎంతో, గడువెప్పుడో మొహంతో చెప్పలేం కదా. అయితే కంప్యూటర్ వైపు చూస్తూ "సర్వర్ డౌన్" అనకు. మనిషి వైపు తిరిగి "ఓ గంట పట్టొచ్చు, టీ తాగి రండి" అను, ఆ గొడవ సగం తగ్గుతుంది.

ఫారాల తెలుగు మాత్రం ఎవరికీ రాదు. హామీదారు అంటే నీ మొహం చూస్తారు, జమానతు అను. తాకట్టు అనేదానికి అక్కడ కుదువ పెట్టుడు అంటారు. ఏటా ఆగస్టు 29న దండ వేస్తామే గిడుగు రామమూర్తి గారు, ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చివరికి చెవుడు తెచ్చుకున్నాడు. నిన్ను అంత కష్టపడమనను, రోజుకి రెండు మాటలు డైరీలో రాసుకో చాలు. వాళ్ల యాసని మాత్రం అనుకరించకు, కొత్తలో అది వెక్కిరింపులా వినిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి నోట్లోంచి దానంతటదే వస్తుంది, అప్పుడు మీ అమ్మ నవ్వుతుంది.

చెప్పింది అర్థమైందా అని అడగకు, అందరూ ఆఁ అంటారు. "ఇంటికెళ్లి ఏం కాగితాలు తెస్తావో చెప్పు తాతా" అను. ఆయన తిరిగి చెప్పేదాకా ఆ స్లిప్ ఇవ్వకు.

నిన్న నీ మీద అరిచిన పెద్దాయన పెన్షన్ కోసం సోమవారం మళ్లీ వస్తాడన్నావు కదా. ఫ్యాన్ కింద కుర్చీ వేయించు, ఏ ఊరు అని అడుగు, ఆయన చెప్పేదంతా అయ్యేదాకా కీబోర్డు ముట్టుకోకు. సాయంత్రం ఫోన్ చేసి ఏమన్నాడో చెప్పు.

మీ పెద్దమ్మ మాగాయ సీసా కట్టి ఉంచింది, మీ ఊరొచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపుతాను.

పెదనాన్న