నీలం మచ్చలు బోలెడు, మొక్కలు మాత్రం సున్నా

ప్రశ్న: నేను పరిశోధక విద్యార్థిని. ఏడాదిగా శనగలోకి అగ్రోబాక్టీరియంతో (మొక్క కణంలోకి డీఎన్ఏ ముక్కను పంపగల మట్టి బాక్టీరియా) ఒక జన్యువు పంపాలని చూస్తున్నాను. కో-కల్టివేషన్ (మొక్క ముక్కలను బాక్టీరియాతో కలిపి ఉంచే దశ) మూడో రోజు గస్ పరీక్ష (పంపిన గస్ జన్యువు పనిచేస్తే కణం నీలమవుతుంది) చేస్తే ముక్కలన్నీ నీలమే, ఆ రోజంతా సంబరం. జన్యువు అందని కణాలను చంపాల్సిన కనామైసిన్ కలిపిన మీడియాలోకి మార్చాక చాలా ముక్కలు గోధుమ రంగుకు తిరిగి చచ్చిపోతాయి, తట్టుకుని పైకొచ్చిన పచ్చటి రెమ్మల్లో పీసీఆర్ (జన్యువు ఉందో లేదో చూసే డీఎన్ఏ పరీక్ష) చేస్తే బ్యాండ్ ఉండదు, అంటే జన్యువు లేదు. పక్క బెంచీలో పొగాకు చేసేవాళ్లు ఇదే బాక్టీరియాతో కొన్ని నెలల్లో మొక్కలు తీసేస్తున్నారు. లోపం నా చేతిలో ఉందా, మొక్కలో ఉందా?

జవాబు: చేతిలో కాదండీ, ఆ నీలాన్ని నమ్మడంలో ఉంది. నేనూ ఒకప్పుడు అలాగే నీలం ముక్కలకు ఫొటోలు తీసి అందరికీ చూపించాను, రెండు నెలల తర్వాత ఆ ఫొటోలే మిగిలాయి. మూడో రోజు కనిపించే నీలానికి అర్థం టీ-డీఎన్ఏ (మీ జన్యువును మోసుకుని బాక్టీరియా నుంచి వచ్చే డీఎన్ఏ ముక్క) కణంలోకి వెళ్లి పనిచేసిందని మాత్రమే. అది క్రోమోజోమ్‌లో అతుక్కుందని కాదు, చాలా కణాల్లో అతుక్కోదు కూడా. ఇంకో సంగతి, మీ గస్ జన్యువులో ఇంట్రాన్ (మొక్క కత్తిరించి తీసేయగల, బాక్టీరియా తీసేయలేని అడ్డు ముక్క) ఉందా? లేకపోతే బాక్టీరియా కూడా నీలం చేయగలదు, అంటే మీరు చూసి మురిసిపోయింది మొక్కను కాకపోవచ్చు.

ఇంట్రాన్ ఉందనే అనుకుందాం. ఒక నీలం ముక్కను నిలువుగా పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. నీలం ఎక్కువగా కోత అంచున కనిపిస్తుంది, రెమ్మ మాత్రం బీజదళం కాండానికి అతికిన చోట, కొన్ని పొరల లోపలున్న మొగ్గ కణాల నుంచి లేస్తుంది. పొగాకు ఆకులో జన్యువు అందుకున్న ఆ అంచు కణాలే విభజన చెంది రెమ్మలవుతాయి, అందుకే వాళ్లకంత సులువు. పప్పు జాతి పంటల్లో చాలావాటికి జన్యువు అందేది ఒక కణానికి, మొక్కయ్యేది ఇంకో కణం. ఈ రెండూ ఒకే కణంలో జరిగేలా చూడటమే అసలు పని, మిగతా చిట్కాలన్నీ దానికోసమే.

కాబట్టి గాయం ఎక్కడ చేస్తున్నారో చూసుకోండి. ఉన్న మొగ్గను తీసేసి, ఆ చోట సన్నటి బ్లేడుతో పైపైన అయిదారు గీతలు గీయండి, లోతుగా కోస్తే మొక్కయ్యే కణాలే పోతాయి. కొందరు కొన్ని సెకన్లు సోనికేషన్ (అల్ట్రాసౌండ్ తరంగాలు) ఇస్తారు, సూక్ష్మ గాయాల్లోంచి బాక్టీరియా లోపలికి చేరుతుందని. కో-కల్టివేషన్ గది వేడిగా ఉంటే మొత్తం వృథా: 28 డిగ్రీలు దాటితే టీ-డీఎన్ఏను పంపే యంత్రాంగమే మందగిస్తుంది, 22 దగ్గర ఉంచండి, ఆ యంత్రాంగాన్ని మేల్కొలిపే ఎసిటోసిరింగోన్ కలపడం మరిచిపోకండి. ఆ గోధుమ రంగు గాయం దగ్గర ఊరే ఫినాల్స్ ఆక్సీకరణ చెందడం వల్ల వచ్చేది. సోయాలో సిస్టీన్, డీటీటీ లాంటి థయాల్స్ (ఈ ఆక్సీకరణను అడ్డుకునే గంధకపు పదార్థాలు) కలిపాక ఫలితం బాగా మెరుగుపడింది, మీరూ వేసి చూడండి.

కనామైసిన్ సంగతి వేరే చెప్పాలి. పప్పు జాతి మొక్కల్లో చాలావాటికి దాన్ని సహజంగానే కొంత ఓర్చుకునే గుణం ఉంది. మీ పచ్చటి ఖాళీ రెమ్మలు చాలావరకు అలా తప్పించుకొచ్చినవే. హైగ్రోమైసిన్ గానీ గ్లుఫోసినేట్ గానీ వాడండి. స్పెక్టినోమైసిన్ అయితే ఇంకా హాయి, జన్యువు అందని రెమ్మ తెల్లగా పాలిపోతుంది, కంటితోనే తేడా తెలుస్తుంది. ఏదైనా సరే, మామూలు ముక్కలు ఏ మోతాదుకు చస్తాయో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: కణాన్ని మొక్కగా ఎదిగేలా చేసే బేబీ బూమ్, వుషెల్ లాంటి జన్యువులు కలిపితే ఈ తిప్పలన్నీ పోతాయంటున్నారు. నిజమేనా? మొక్క వచ్చేదాకా క్రిస్పర్ గైడ్ (జన్యు కత్తెరకు ఎక్కడ కోయాలో చూపే ఆర్ఎన్ఏ) పనిచేస్తుందో లేదో తెలియకపోవడం ఇంకో టెన్షన్.

జవాబు: సగం నిజం. 2016లో మొక్కజొన్నలో బేబీ బూమ్, వుషెల్, 2020లో గోధుమలో జీఆర్‌ఎఫ్-జీఐఎఫ్ అనే జన్యువుల జోడీ బాగా పనిచేసి చూపించాయి, పప్పు పంటల్లోనూ ప్రయత్నాలు జరుగుతున్నాయి. కానీ అవి కణాన్ని మొక్కవైపు నెట్టేవే, లోపలికి జన్యువు చేరని కణానికి అవేం చేస్తాయి? పైగా వుషెల్ లాంటివి పని అయ్యాక కూడా ఉండిపోతే మొక్క వంకరగా ఎదుగుతుంది, తీసేసే ఏర్పాటు ముందే డిజైన్‌లో ఉండాలి.

గైడ్ కోసం మొక్కదాకా ఆగక్కర్లేదు. రైజోజీన్స్ రకం అగ్రోబాక్టీరియంతో హెయిరీ రూట్స్ (జన్యువు అందిన కణాల నుంచి గుబురుగా పుట్టే వేర్లు) పుట్టించండి, కొన్ని వారాల్లో వేర్లు వస్తాయి, వాటి డీఎన్ఏ తీసి సీక్వెన్స్ చేస్తే గైడ్ కోసిందో లేదో తెలిసిపోతుంది.

చివరికి రెమ్మ వచ్చి, వేరు పడకపోతే మొలక కాండం మీద అంటు కట్టేయండి, శనగలో అది మామూలే. పీసీఆర్‌లో బ్యాండ్ వచ్చినా ఇంకా ఎవరికీ చెప్పకండి, మొగ్గలోని ఒక పాయకే జన్యువు అంది ఉండొచ్చు. ఆ మొక్క గింజలు నాటి, జన్యువు ఉన్న మొక్కలు, లేని మొక్కలు 3:1 దరిదాపుల్లో విడిపోతే అప్పుడు ఫొటో తీయండి.