మ్యాక్‌లో విండోస్: సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, లైసెన్సుల లెక్క ముందు

ప్రశ్న: మాది నర్సంపేట. బీకాం చేసి హనుమకొండలో ఉంటున్నాను. ఎనుమాముల మార్కెట్‌లో మూడు అడ్తి (కమీషన్) దుకాణాలకు లెక్కలు రాస్తాను. అన్నీ కలిపి నెలకు 18 వేలు వస్తాయి. అమెరికాలో ఉన్న అన్నయ్య తను వాడిన మ్యాక్‌బుక్ ఎయిర్ ఇచ్చాడు. ఎం1 చిప్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌కు విండోస్ ఉండాలి కదా. మ్యాక్‌లో విండోస్ నడిపించే ప్యారలల్స్ ఏడాది ప్లాన్ తీసుకోవాలా, ఒక్కసారి డబ్బు కట్టేది మేలా, ఉచితంగా దొరికేవి పనికొస్తాయా? లేదంటే ఈఎంఐలో విండోస్ ల్యాప్‌టాప్ కొనేయాలా? ఖర్చు చూపిస్తే పన్ను తగ్గుతుందని తెలిసినాయన అన్నారు.

జవాబు: పన్ను మాట ముందు తేల్చేద్దాం. నెలకు 18 వేలంటే ఏడాదికి 2,16,000. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు. కట్టని పన్నులో తగ్గేదేముంటుంది? ఈ ఆదాయానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ మీద కట్టే 18 శాతం జీఎస్టీ వెనక్కి రాదు. పెట్టే ప్రతి రూపాయీ మీ జేబులోంచి పోయేదే.

మీరు ప్యారలల్స్ ధర ఒక్కటే చూస్తున్నారు. అమెరికా ధరల్లో అది ఏడాదికి దాదాపు 100 డాలర్లు, ఒక్కసారి కొంటే దాదాపు 220. కానీ అందులో విండోస్ రాదు. విండోస్ 11 ప్రో లైసెన్సు సరైన దారిలో కొంటే పది వేల పైమాటే. ఆన్‌లైన్‌లో అయిదారు వందలకు అమ్మే 'కీ'ల జోలికి పోకండి, పరాయివాళ్ల లెక్కలు పెట్టుకునే మెషీన్ అది. ఆపైన అసలు ఖర్చు ట్యాలీది. ట్యాలీ సిల్వర్ లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కే. దుకాణంలో ఉన్నది దుకాణానికే సరిపోతుంది. మీ మ్యాక్‌లో విడిగా నడపాలంటే మీకంటూ ఇంకొకటి కొనాలి, పన్నుతో కలిపి అది ఇరవై వేలు దాటుతుంది. మూడూ కూడితే మీ రెండు నెలల సంపాదన దాటుతుంది. వర్చువల్ మెషీన్ (ప్యారలల్స్ లాగా మ్యాక్ లోపల విండోస్ నడిపించేది) ఉచితంగా దొరికినా మిగతా రెండు ఖర్చులూ అలాగే ఉంటాయి.

అందుకే నేనైతే మొదట దుకాణాల్లో ఉన్న కంప్యూటర్ల వైపే చూస్తాను. లైసెన్సు ఉన్న ట్యాలీ, విండోస్ రెండూ అక్కడే ఉన్నాయి కదా. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటి ఉచిత సదుపాయంతో హనుమకొండలో కూర్చుని మీ మ్యాక్ నుంచే ఆ తెర మీద పని చేయొచ్చు. డేటా దుకాణం దాటదు కాబట్టి సేట్లకూ అభ్యంతరం ఉండదు. చిక్కల్లా కరెంటు, నెట్. అక్కడి సిస్టమ్‌కు యూపీఎస్ లేకపోతే పెట్టించమని అడగండి. ఆ ఖర్చు దుకాణానిది, మీది కాదు. పాస్‌వర్డ్, పిన్ మాత్రం గుమాస్తాలందరికీ తెలిసేలా టేబుల్ మీద రాసి అంటించొద్దు.

ఇది కుదరక మ్యాక్‌లోనే విండోస్ నడపాలనుకుంటే, డబ్బు కట్టకుండా మొదలుపెట్టండి. ప్యారలల్స్ లాంటిదే అయిన వీఎంవేర్ ఫ్యూజన్ 2024 నవంబరు నుంచి వ్యాపార అవసరాలకూ ఉచితం. దాని యజమాని బ్రాడ్‌కామ్ సైట్‌లో ఖాతా తెరిచి డౌన్‌లోడ్ చేసుకోవడం కాస్త తలనొప్పి, అంతే. అలాంటిదే యూటీఎం, అదీ ఉచితమే. ప్యారలల్స్ వాడటానికి అన్నిటికంటే సులువు, కాదనను. మైక్రోసాఫ్ట్ కూడా ఎం సిరీస్ మ్యాక్‌లలో విండోస్ నడపడానికి దాన్ని అధికారికంగా ఒప్పుకుంది. పద్నాలుగు రోజులు ఉచితంగా చూడనిస్తారు కనుక రెండూ పోల్చి చూడండి. నచ్చి కొన్నా ఏడాది ప్లానే చాలు. ఒక్కసారి కొన్న లైసెన్సు కొత్త మాక్ఓఎస్‌తో కుదరకపోతే అప్‌గ్రేడ్‌కు మళ్లీ కట్టాలి. ఆటో రెన్యువల్ ఆపేయండి. డాలర్లలో బిల్లు పడితే బ్యాంకు కార్డు మీద వేసే మార్కప్ రుసుము అదనం.

ట్యాలీ పరీక్షకు కూడా లైసెన్సు అక్కర్లేదు, ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరవండి. నెలలో 1, 2, చివరి తేదీలకే ఎంట్రీలు పడతాయి కానీ వేగం తెలుసుకోవడానికి అది చాలు. పాత సీజన్‌లో ఒకరోజు తక్‌పట్టీలు (సరుకు అమ్మకపు చీటీలు) తీసుకుని, హమాలీ, కమీషన్ అన్నీ పెట్టి వరసగా ఎక్కించి చూడండి. మీ 8 జీబీలో విండోస్‌కు 4 ఇస్తే మ్యాక్‌కు మిగిలేది 4. పక్కన బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచారంటే టెన్షన్ మొదలవుతుంది. స్టోరేజీలో 64 జీబీ విండోస్‌కే కేటాయించాలి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం) వాడతారో లేదో మీరు రాయలేదు. మీ మ్యాక్‌లో నడిచేది ఏఆర్ఎం విండోస్, అంటే ఎం1 లాంటి ఏఆర్ఎం చిప్‌ల కోసం చేసిన విండోస్. మామూలు ప్రోగ్రాములను అది ఎలాగోలా నడిపిస్తుంది కానీ, పరికరాలను నడిపించే డ్రైవర్లు మాత్రం ఏఆర్ఎం కోసం తయారైనవే కావాలి. యూఎస్‌బీ టోకెన్ దగ్గర పని ఆగేది ఇక్కడే. ఆ దుకాణాలు సొంత పేరు మీదో, భాగస్వామ్యంలోనో ఉంటే జీఎస్టీ రిటర్నులు ఓటీపీతో వేసేయొచ్చు, మ్యాక్ బ్రౌజరే సరిపోతుంది. కంపెనీగానో ఎల్ఎల్‌పీగానో ఉంటే సిగ్నేచర్ తప్పదు. అప్పుడు టోకెన్ అమ్మినవాళ్లను డ్రైవర్ గురించి అడిగాకే ముందుకెళ్లండి.

కొత్త ల్యాప్‌టాప్‌కు ఈఎంఐ వద్దు. మార్కెట్‌కు మిర్చి తగ్గాక మీ మూడు దుకాణాల్లో ఒకటి మానుకున్నా వాయిదా ఆగదు కదా. టోకెన్ వల్ల విండోస్ మెషీన్ తప్పనిసరైతే సెకండ్‌హ్యాండ్‌ది చూడండి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కంటే పాతది తీసుకోవద్దు, విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లైసెన్సుతో వచ్చిన విండోస్ యాక్టివేట్ అయి ఉందో లేదో కొట్లోనే సెట్టింగ్స్ తెరిచి చూసుకోండి.

ఏ మార్పు చేసినా నెలలో 11, 20 తేదీలు దాటాక చేయండి. అవి నెలవారీ జీఎస్టీ రిటర్నుల గడువులు. ఆ జీఎస్టీఆర్-1, 3బీ గడువు ముందురోజు మ్యాక్‌లో గానీ విండోస్‌లో గానీ అప్‌డేట్ నొక్కొద్దు. రిమోట్ పద్ధతి కుదిరితే దుకాణానికి వెళ్లొచ్చే పెట్రోలు కూడా మిగులుతుంది. ఆ మిగులును పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేయండి, బ్యాటరీ మార్చాల్సి వస్తే అందులోంచి తీయొచ్చు.