ఒడియా ఆపకండి, ముందు చెవులు చూపించండి

రెండేళ్ల బాబుకు మూడు నాలుగు మాటలే వస్తున్నాయి, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా విని తికమక పడుతున్నాడేమో, ఒడియా ఆపేయాలా అని రాయగడ నుంచి అడిగారు కదా. ఆపకండి. మేం ఆపి చూశాం.

మాది పర్లాకిమిడి. మా పాపకు ఇరవై రెండో నెలలో లెక్కేస్తే ఏడు మాటలు. అమ్మ, తాత, బువ్వ లాంటివి ఐదు, మా ఇంట్లో పనిచేసే ఒడియా ఆవిడ (మౌసీ అంటాం) దగ్గర నేర్చిన 'పాణి' (నీళ్లు), 'గాయీ' (ఆవు) రెండు. ఒక డాక్టరుగారు ఒకే భాష మాట్లాడమన్నారు. మౌసీతో 'పాపతో తెలుగే మాట్లాడు' అన్నాం. ఆవిడకు తెలుగు అంతంత మాత్రం. పాపతో మాట్లాడటమే మానేసింది పాపం. రెండు నెలలు గడిచినా ఆ ఏడు మాటలు ఏడే.

మా అత్తగారేమో పుట్టగానే వస పొయ్యలేదు, అందుకే ఇలా అన్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి. వస పసిపిల్లలకు వాంతులు తెప్పిస్తుంది. ఏడాదిలోపు పిల్లలకైతే అందులో కలిపే తేనె కూడా ప్రమాదమే.

చివరికి శ్రీకాకుళంలో చెవి పరీక్ష చేయిస్తే సంగతి తెలిసింది. తరచూ జలుబు చేసి రెండు కర్ణభేరుల వెనక నీరు చేరింది. చెవుల్లో దూది పెట్టుకుంటే మనకెలా వినిపిస్తుందో దానికి అలా వినిపిస్తోందన్నమాట. తలుపు చప్పుడైతే తిరిగి చూసేది, అందుకే మాకు అనుమానం రాలేదు. మూడు నెలలు ఆగి చూద్దామన్నారు, ఆలోపు నీరు దానంతటదే తగ్గింది. పరీక్షప్పుడు పిల్ల కదలకూడదు కాబట్టి నిద్రవేళకు తీసుకెళ్లండి.

అక్కడి స్పీచ్ థెరపిస్టు చెప్పిన లెక్క ఏమిటంటే, రెండు భాషల మాటలూ కలిపి ఎంచాలి. పాణి ఒకటి, నీళ్లు ఒకటి. రెండేళ్లకు సుమారు 50 మాటలు, 'అమ్మా రా' లాంటి జతలు రావాలి. ఆ లెక్కన మీ బాబు బాగా వెనక ఉన్నాడు. 'మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే' అన్నవాళ్లను నమ్మి కూర్చోకండి. అంగన్‌వాడీలో అడిగితే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం ఎప్పుడొస్తుందో చెప్తారు, పరీక్ష ఉచితం. పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, వేలితో ఏదీ చూపించకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆ బృందం కోసం కూడా ఆగొద్దు.

ఇంట్లో ఫోన్ పాటలు తీసేశాం. 'ఇదేంటి, అదేంటి' అని పాపకు పరీక్షలు పెట్టడం మానేశాం. స్నానం చేయించేటప్పుడు చెంబు పైకెత్తి 'నీళ్లు పొయ్యనా?' అని, మనసులో ఐదు లెక్కపెట్టేదాన్ని. ఆ ఐదు అంకెలూ నోరు మూసుకోవడం నాకు నరకం, నాకు చిన్నప్పుడు వస ఎక్కువే పోసుంటారు. మూడు వారాలు చెంబు పట్టుకుని చూశాక ఒకరోజు 'పొయ్యి' అంది. వెంటనే నేను 'వేన్నీళ్లు పొయ్యి' అని ఒక మాట కలిపాను. అలా ఒక్కో మాటా కలుపుతూ పోవడమే.

మౌసీకి తప్పయిందని చెప్పి, మళ్లీ ఒడియాలోనే మాట్లాడమన్నాను. ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. దాహమేస్తే ఆవిడను పాణి అడుగుతుంది, నన్ను నీళ్లు అడుగుతుంది.