పెళ్లి డ్రోన్‌తో వేడి కొలవొచ్చా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ, డిగ్రీ సెకండియర్. ఎండాకాలం రాత్రి పదకొండైనా మా వాడలో గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది, అదే భద్రకాళి చెరువు కట్ట మీదికి పోతే హాయిగా ఉంటుంది. మా అన్న దగ్గర పెళ్లిళ్ల షూటింగ్ డ్రోన్ ఉంది. దానితో ఈ తేడా చూపించి ‘వరంగల్‌లో వాతావరణ మార్పు’ అని ప్రాజెక్టు చేయొచ్చా?

జవాబు: ముందు ఆ పేరు మార్చు తమ్ముడూ. వాతావరణం మారిందనాలంటే 30 ఏళ్ల సగటులు పక్కపక్కన పెట్టి చూడాలి, రెండు రోజులు డ్రోన్ ఎగరేస్తే తేలదు. నువ్వు చెప్తున్నది నగరపు వేడి. పగలంతా సిమెంటు, తారు మింగిన ఎండను రాత్రి మెల్లగా వదులుతాయి. ఊరికంటే పట్నం రాత్రిళ్లు వెచ్చగా ఉంటుందని ల్యూక్ హోవర్డ్ అనే ఆయన లండన్‌లో థర్మామీటర్లతో కొలిచి 1818లోనే పుస్తకం వేశాడు, అంటే కొత్త గొడవేం కాదు. భూమి వేడెక్కేకొద్దీ ఈ నగరపు వేడి మీద ఆ వేడీ తోడవుతోంది, అంతే.

ఇంతకీ డ్రోనే ఎందుకు, ఉపగ్రహం ఉందిగా అంటావేమో. ల్యాండ్‌శాట్ 8 వేడి చిత్రంలో ఒక్కో చుక్క 100 మీటర్లు, మీ గల్లీ మొత్తం ఒకటి రెండు చుక్కల్లో అయిపోతుంది. పైగా అది మన మీదుగా పోయేది పొద్దున పదిన్నర ప్రాంతంలో, నీ ప్రశ్నేమో రాత్రి గురించి. డ్రోన్‌కి థర్మల్ కెమెరా కడితే ఏ ఇంటి కప్పు ఎంత వేడిగా ఉందో విడివిడిగా కనిపిస్తుంది. మీ అన్న కెమెరాకి వేడి కనిపించదు. దానితో రేకులెన్ని, డాబాలెన్ని, చెట్లెక్కడ అని మ్యాపు గీయొచ్చు, అదీ పనికొచ్చేదే. థర్మల్ కెమెరా కోసం ఎన్ఐటీలో అడిగి చూడు.

అది దొరికినా రేకుల దగ్గర మోసపోతావు. నేనూ మోసపోయాను. మే నెల మధ్యాహ్నం, పక్కన డాబా ఎర్రగా కనిపిస్తుంటే కొత్త రేకులు మాత్రం నీలంగా, చల్లగా ఉన్నట్టు చూపించింది కెమెరా. ఎంత బాగుందో అనుకుని నిచ్చెనెక్కి చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. మెరిసే లోహం తన వేడిని సరిగా బయటికి వదలదు, అద్దంలాగా పైనున్న ఆకాశాన్ని చూపిస్తుంది, ఆకాశమేమో కెమెరా కంటికి చల్లన. అందుకే రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఆ టేపు మీద రీడింగ్ చూడాలి. ఇంకోటి, కెమెరా చెప్పేది కప్పు వేడి, మనిషి పీల్చే గాలి వేడి కాదు. గాలికి కింద నీడలో, నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున థర్మామీటర్ వేలాడదీయాల్సిందే, మీ వాడలో ఒకటి, చెరువు కట్ట మీద ఒకటి, రెండూ ఒకే టైమ్‌కి.

చీకట్లో ఎగరేయడం పెట్టుకోకు. తెల్లారగానే, ఎండ గోడలకు తగలకముందు ఒకసారి, మళ్లీ మధ్యాహ్నం ఒకసారి చాలు, రాత్రంతా మిగిలిన వేడి తెల్లవారి చిత్రంలో దొరుకుతుంది. జనం డాబాల మీద పడుకునే రోజులు కాబట్టి ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పు, లేకపోతే తన్నులు తినేది నువ్వే.

250 గ్రాములు దాటిన డ్రోన్ అయితే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, వాళ్ల డిజిటల్ స్కై సైట్ మ్యాపులో మీ వాడ గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట ఉందో లేదో చూసుకో, ఉన్నా 400 అడుగులు దాటొద్దు. చదువు కోసమైతే 2 కిలోల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డబ్బులు తీసుకుని పెళ్లిళ్లకు ఎగరేసే మీ అన్నకు మాత్రం, డ్రోన్ 250 గ్రాములు దాటితే, కావాలి, ఉందా అని ఓసారి అడుగు.