పేమెంట్స్ కంపెనీ విదేశాలకు వెళ్తే హైదరాబాద్‌లో ఎవరికి ఉద్యోగాలొస్తాయి?

బీకాం చదివి రీకన్సిలియేషన్‌లో (రెండు వైపుల లెక్కలు సరిపోల్చే పని) ఉన్నాను, మా నగరంలోని పేమెంట్స్ కంపెనీ సింగపూర్, గల్ఫ్‌లలో మొదలుపెడితే నాకేమైనా దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందండీ, కానీ వార్త వచ్చిన వారంలోనే కాదు.

ఆ దేశంలో లైసెన్సు చేతికొచ్చేదాకా తీసుకునేది కొద్దిమందినే: లీగల్, కంప్లయన్స్ (నిబంధనలు పాటించేలా చూసేవాళ్లు), సిస్టమ్‌లను కలిపే ఇంటిగ్రేషన్ డెవలపర్లు. సేల్స్‌కి ఎక్కువగా అక్కడివాళ్లనే పెట్టుకుంటారు. లావాదేవీలు పెరిగి లెక్కలు తేడా కొట్టడం మొదలయ్యాకే గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఆపరేషన్స్ సీట్లు తెరుస్తారు.

మీ పని అదే, చిక్కులే కొత్తవి. రూపాయికి రెండు దశాంశ స్థానాలు. జపాన్ యెన్‌కి ఒక్కటీ లేదు, కువైట్ దినార్‌కి మూడు. సిస్టమ్ అన్నింటినీ పైసలనుకుని వందతో భాగిస్తే 5,000 యెన్ల అమ్మకం 50గా కనిపిస్తుంది. సెలవులూ అంతే: యూఏఈ ప్రభుత్వ వారాంతం 2022 నుంచి శని, ఆదివారాలకు మారింది, కువైట్‌లో ఇప్పటికీ శుక్ర, శనివారాలే. గల్ఫ్ మొత్తానికీ ఒకే క్యాలెండర్ పెడితే సెటిల్‌మెంట్ (వ్యాపారికి డబ్బు జమ చేసే) తేదీలు తప్పుతాయి.

కార్డు లావాదేవీని గుర్తించే ఏఆర్‌ఎన్ నంబరుకి 23 అంకెలు. ఆ నంబర్లున్న సీఎస్‌వీ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ మొదటి 15 అంకెలే ఉంచి మిగతావి సున్నాలు చేసేస్తుంది, ఇక ఏదీ మ్యాచ్ కాదు. డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. లావాదేవీల మరో రిఫరెన్స్ నంబరు, 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్‌కి ముందున్న సున్నా కూడా అలాగే నిలుస్తుంది.

కస్టమర్ పేరు ఆంక్షల జాబితాతో (లావాదేవీలు నిషేధించిన వ్యక్తుల జాబితా) కలిసిందంటూ వచ్చే అలర్టుల్లో ఎక్కువ ఉత్తివే. మనవాళ్లు ఇంటిపేరును లాస్ట్ నేమ్ గడిలో రాస్తారా, ఫస్ట్ నేమ్‌లోనా అన్నది ఎవరిష్టం వారిది. పుట్టిన తేదీ, దేశం, ఐడీ సరిచూసి, జాబితాలోని ఆ మనిషి ఎందుకు కాడో రాసి అలర్టును మూయాలి. 'నాట్ ఎ మ్యాచ్' అని ఒక్క ముక్క రాసి మూస్తే ఆడిట్‌లో నిలవదు.

డేటాబేస్ నుంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్‌లో జాయిన్, గ్రూప్ బై రావాలి. పేమెంట్ అగ్రిగేటర్లపై (వ్యాపారుల తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే కంపెనీలపై) 2025 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో క్రాస్ బోర్డర్ భాగం చదవండి. మనీ లాండరింగ్ నిరోధంపై ఇచ్చే క్యామ్స్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే సొంత డబ్బు పోయొద్దు, ఉద్యోగం వచ్చాక కంపెనీ కడుతుందేమో అడగండి.

షిఫ్టు ముందే తేల్చుకోండి. సింగపూర్‌లో తొమ్మిదంటే మనకు ఉదయం ఆరున్నర, దుబాయ్‌లో తొమ్మిదంటే పదిన్నర. ఆరున్నర లాగిన్‌కి క్యాబ్ ఇస్తారా అన్నది ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి.

'విదేశీ డబ్బు మీ ఖాతాలోకి వస్తుంది, కమిషన్ తీసుకుని మిగతాది పంపేయండి' అనే ఇంటినుంచి పని మాత్రం ఉద్యోగం కాదు. అది మోసపు డబ్బు దాటించే మ్యూల్ ఖాతా, పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు దగ్గరికే.