పెళ్ళయింది సరే, పాత ఆర్డర్ మాటేమిటి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి 2017లో విజిటర్ వీసా మీద అమెరికా వెళ్ళి, తెలిసినాయన ఎవరో చెబితే అసైలం (స్వదేశంలో ప్రమాదం ఉందని ఆశ్రయం కోరే దరఖాస్తు) వేశాడు. ఇమిగ్రేషన్ జడ్జి ఒప్పుకోలేదు. అప్పీలు కూడా పోయిన నెలలో కొట్టేశారు. ఎనిమిది నెలల కిందట అక్కడే పుట్టిన తెలుగమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. సిటిజన్‌ని చేసుకున్నాడు కాబట్టి గ్రీన్ కార్డు వచ్చినట్టేనని అందరూ అంటున్నారు. శ్రావణంలో ఇద్దరినీ పిలిపించి రిసెప్షన్ చేద్దామనుకుంటున్నాం. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. అప్పీలు పోవడంతో మీ అబ్బాయి మీద దేశం నుంచి పంపించేయాలన్న ఆర్డర్ ఖాయమైంది. అది ఉండగా విమానం ఎక్కితే, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చినా, ఆర్డర్ అమలైపోయినట్టే లెక్క. తర్వాత పదేళ్ళపాటు ప్రత్యేక అనుమతి లేకుండా మళ్ళీ అడుగు పెట్టలేడు.

ఈ రాత్రే అతనికి ఫోన్ చేసి, బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ ఆర్డర్ మీద ఏ తేదీ ఉందో అడగండి. ఆ తేదీ నుంచి 90 రోజుల్లోపు కేసు తిరిగి తెరవమని బోర్డుకు మోషన్ (అర్జీ) వేసుకోవచ్చు. మామూలుగా ఒక్కసారే ఆ అవకాశం. లాయరు ఈమెయిల్ ఎప్పుడొచ్చింది, కవరు ఎప్పుడు చించారు అన్నవి లెక్కలోకి రావు. మోషన్ వేసినంత మాత్రాన పంపించేయడం ఆగదు, స్టే విడిగా అడగాలి. ఆర్డర్‌లో ‘వాలంటరీ డిపార్చర్’ (తనంతట తానే వెళ్ళిపోవడానికి ఇచ్చే గడువు) అన్న మాట ఉందేమో కూడా చూడమనండి. ఉంటే, ఆ గడువు దాటనిచ్చినవాళ్ళు పదేళ్ళపాటు అక్కడే ఉండి గ్రీన్ కార్డు తీసుకునే వీలు పోగొట్టుకుంటారు.

అసైలం పోయినంత మాత్రాన పెళ్ళి దారి మూసుకుపోదు. పైగా మీవాడికి ఒక బలం ఉంది. వీసాతో, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు చూసి పంపితే లోపలికి వెళ్ళాడు. అలా లోపలికి వచ్చినప్పుడు నమోదయ్యే ఐ-94 రికార్డు దానికి సాక్ష్యం. అలా వెళ్ళి సిటిజన్‌ని పెళ్ళి చేసుకున్నవాళ్ళకు గడువు దాటి ఉండిపోయిన తప్పును చట్టం పట్టించుకోదు. కోడలికి గ్రీన్ కార్డు మాత్రమే ఉండి ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు. మెక్సికో సరిహద్దు దొంగతనంగా దాటిన కుర్రాడికి ఇదే పెళ్ళి జరిగినా, సాధారణంగా అక్కడే ఉండి కార్డు తీసుకోలేడు.

చాలామంది బోల్తా పడేది ఐ-130 దగ్గర. భార్య వేసిన ఆ పిటిషన్ అప్రూవ్ అవగానే స్వీట్లు పంచేస్తారు. ‘ఈ పెళ్ళి నిజమైనదే’ అని ఒప్పుకున్న కాగితం అది, అంతే. పాత ఆర్డర్‌ను అది కదిలించలేదు. కేసు తిరిగి తెరిచాకే జడ్జి ముందు గ్రీన్ కార్డు అడగగలడు. తుది ఆర్డర్ ఉన్నవాళ్ళను ఐ-130 ఇంటర్వ్యూకి వెళ్ళిన చోటే అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. లాయరు లేకుండా వెళ్ళొద్దని చెప్పండి.

కోర్టు కేసు నడుస్తుండగా జరిగిన పెళ్ళిని చట్టం అనుమానంతోనే చూస్తుంది. నిజమైనదని బలంగా రుజువు చేయాల్సిన భారం వీళ్ళదే. పెళ్ళి ఆల్బమ్ ఒక్కటీ చాలదు. ఇద్దరి పేర్ల మీదున్న అద్దె ఒప్పందం, జాయింట్ అకౌంట్‌లోంచి నెలనెలా కట్టిన కరెంటు బిల్లు, కలిపి వేసిన టాక్స్ రిటర్న్ లాంటివి కావాలి. ఎనిమిది నెలల కాపురానికి ఇవి తక్కువే ఉంటాయి. ఉన్నవే పెట్టాలి, లేనివి పుట్టించకూడదు.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. అసైలం ఫారంలో ఏం రాశారు? తెలిసినాయన రాయించిన కథల్లో ‘ఫలానా పార్టీవాళ్ళు మా ఇంటిమీద పడి నాన్న చెయ్యి విరగ్గొట్టారు’ అనే వాక్యం నేను చాలా చూశాను. ఆ నాన్న మీరు. రేపు గ్రీన్ కార్డు విచారణలో అదే ఫారం టేబుల్ మీద పెట్టి, ‘ఏ చెయ్యి?’ అని అడుగుతారు. నిజంగా జరిగి ఉంటే ఆస్పత్రి కాగితాలు వెతికిపెట్టండి. జరగకపోతే ఆ సంగతి అబ్బాయి ముందే తన లాయరుకు చెప్పాలి, దాచకూడదు.

ఎందుకంటే తేడా చాలా పెద్దది. జడ్జి మీవాడిని నమ్మలేదని రాశారా, లేక కావాలనే కట్టుకథతో దరఖాస్తు పెట్టాడని, అంటే ‘ఫ్రివలస్’ అని తేల్చారా? రెండోదైతే గ్రీన్ కార్డుకు జీవితాంతం అనర్హత. ఏ పెళ్ళీ దాన్ని మార్చదు, వేవర్ (మినహాయింపు) కూడా లేదు. మొదటిదైతే దారి ఉంది. అబద్ధం చెప్పాడని తర్వాత తేలినా, అతను దూరమైతే భార్య తీవ్రంగా ఇబ్బంది పడుతుందని చూపించి వేవర్ అడగొచ్చు. అందుకే జడ్జి తీర్పు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివించండి.

90 రోజులు దాటితే ప్రభుత్వ లాయరు కూడా కలిసి సంతకం పెట్టే ఉమ్మడి మోషన్ ఒకటుంది. వాళ్ళు ఒప్పుకుంటారని ఆశ పెట్టుకోవద్దు. అదీ కాకపోతే ఇండియా వచ్చి ముంబై కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా అడగడం మిగులుతుంది. బయల్దేరకముందే తిరిగివచ్చే అనుమతికి ఐ-212, అవసరమైతే గడువు దాటి ఉండిపోయినందుకు మినహాయింపు కోరే ఐ-601ఏ వేసి, ఆమోదం వచ్చాకే విమానం ఎక్కాలి.

కేసు తెరుచుకుని కార్డు వచ్చేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే రెండేళ్ళ కార్డే ఇస్తారు. అది చాలు. రిసెప్షన్‌కి అప్పుడు పిలవండి.