గుర్రపు స్వారీ రాకుండా సోంగ్-కోల్ సరస్సు దాకా గుర్రం మీద వెళ్లి రాగలమా?

మీరు అడిగినవి మూడు. ఎప్పుడూ గుర్రం ఎక్కని నలభై ఏళ్ల మనిషి కిర్గిజ్‌స్తాన్‌లోని సోంగ్-కోల్ సరస్సు దాకా గుర్రం మీద వెళ్లి రాగలడా, రెండు రోజులు సరిపోతాయా మూడు కావాలా, ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి అని. నేను వెళ్లినప్పుడు నాకు నలభై మూడేళ్లు, అంతకుముందు గుర్రం ఎక్కింది లేదు. కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: వెళ్లి రాగలరు. మీరు స్వారీ రాదని టెన్షన్ పడుతున్నారు గానీ, అక్కడ మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టేవి మోకాళ్లు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. నేను బయల్దేరే ముందు చదివిన వాటిలో ఎక్కడా ఈ మాట కనబడలేదు.

మేం నలుగురం, ఆగస్టు మొదటి వారం. కొచ్‌కోర్ అనే చిన్న ఊళ్లో రాత్రి పడుకుని, పొద్దున్నే కారులో కిజార్ట్ అనే పల్లెకి వెళ్లి అక్కడ గుర్రాలెక్కాం. గైడ్ ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు, మిగతాదంతా చేతులతోనే. మాకు నేర్పింది రెండే విషయాలు: కదలాలంటే "చూ" అనాలి, ఆగాలంటే పగ్గం వెనక్కి లాగాలి. ఐదు నిమిషాల్లో పాఠం అయిపోయింది, బయల్దేరిపోయాం.

నా రికాబులు, అంటే జీనుకి రెండు పక్కలా వేలాడే, పాదాలు పెట్టుకునే కడియాలు, పొట్టిగా ఉన్నాయని ఎక్కగానే తెలిసింది. మోకాళ్లు బాగా మడిచి కూర్చోవాల్సి వస్తోంది. చెబితే అందరూ ఆగాలి, ఆ అబ్బాయి దిగి రావాలి, ఎందుకులే అని ఊరుకున్నాను. రెండు గంటలు గడిచేసరికి కుడి మోకాలి లోపలివైపు సూదితో గుచ్చుతున్నట్టు మొదలైంది. మధ్యాహ్నం తిండికి ఆగినప్పుడు దిగితే కాళ్లు నిలవలేదు. జీను పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ రాత్రి కిలెమ్‌చె లోయలో బస. గుడారంలో అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నేను కాలు చాపుకుని గోడకి ఆనుకున్నాను. మర్నాడు పొద్దున ఆ అబ్బాయి నేను కుంటడం చూశాడు. ఏమీ అడగలేదు. నన్ను గుర్రం ఎక్కించి, రికాబు పట్టీని రెండు రంధ్రాలు కిందికి దించాడు. ఆ రోజు ఐదు గంటలు స్వారీ చేశాం, నొప్పి మళ్లీ పెరగలేదు.

అందుకే కొలత మీరే తెలుసుకుని వెళ్లండి. ఎక్కకముందు, రికాబు పట్టీ జీనుకి ఎక్కడ తగిలించి ఉందో అక్కడ వేళ్లు ఆనించి చేయి చాచండి. రికాబుని చేతి వెంట లాగితే అది చంక దాకా రావాలి. ఎక్కాక కాళ్లు వదులుగా వేలాడేసి చూడండి, రికాబు అడుగు చీలమండ ఎముక దగ్గర తగలాలి. ఒక అరగంట గుర్రం మీద వెళ్లాక ఏ మాత్రం తేడాగా అనిపించినా ఆపమని చెప్పండి. మొహమాటపడకండి, వాళ్లేమీ అనుకోరు.

ఇంటి దగ్గర ఆరు వారాల ముందు నుంచి తొడలకి పని చెప్పండి. మెట్లు ఎక్కడం, గుంజీళ్లు, గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడడం. అన్నిటికంటే ముఖ్యం తొడల లోపలి కండరాలు సాగదీసే వ్యాయామాలు, ఎందుకంటే మామూలు జీవితంలో మనం అంత ఎడంగా కాళ్లు పెట్టి గంటల తరబడి ఎప్పుడూ కూర్చోం. వీలైతే మీకు దగ్గర్లో ఎక్కడైనా రెండు మూడు క్లాసులు తీసుకోండి. దౌడు తీయడం నేర్చుకోనక్కర్లేదు. నడకకీ దౌడుకీ మధ్య ఎగిరెగిరి పడే పరుగు ఒకటి ఉంటుంది, ట్రాట్ అంటారు, దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటే చాలు. గుర్రం అడుగుకి తగ్గట్టు జీను మీద నుంచి కొంచెం లేచి కూర్చోవడం తెలిస్తే నడుము బతికిపోతుంది.

ఇప్పుడు గుర్రం సంగతి. అక్కడి గుర్రాలు మరీ ఎత్తు ఉండవు, గట్టి కాళ్లు, గుబురు జూలు, కొండల్లోనే పుట్టి పెరిగినవి. నాకిచ్చింది బూడిద రంగుది. మొదటి రోజంతా దాన్ని నేనే నడిపిస్తున్నానని అనుకున్నాను. రెండో రోజు జల్గిజ్-కరగాయ్ కనుమ దాటాం. ఆ పేరుకి ఒంటరి దేవదారు అని అర్థం, 3,000 మీటర్లు దాటిన చోటు. పైనుంచి సరస్సు వైపు దిగే దారి అంతా వదులు రాళ్లు. కిందికి చూసి భయమేసి పగ్గం బిగించి పట్టుకున్నాను. గుర్రం తల పైకి లేచిపోయింది, ముందు కాలు ఒక రాయి మీద జారింది. వెనకనుంచి గైడ్ గట్టిగా అరిచి, పిడికిలి విప్పి అరచెయ్యి చూపించాడు. వదిలెయ్ అని.

పగ్గం వదులు చేశాను. గుర్రం వెంటనే మెడ చాచి తల బాగా కిందికి దించింది, ముక్కు దాదాపు రాళ్లకి తగిలేటంత కిందికి. ఫుర్రుమని ఊపిరి వదిలి, ఒక డెక్క పెట్టి, అది కదలకపోతేనే బరువు వేసి, అప్పుడు రెండోది పెట్టింది. ఒకచోట రాయి కదిలితే కాలు వెనక్కి తీసుకుని పక్కన పెట్టింది. దాని భుజాలు ఒకటి తర్వాత ఒకటి దిగడం నా తొడలకి తెలుస్తూనే ఉంది. తల కదిలించే వీలుంటేనే అది దారి చూసుకోగలదు, తూకం సరిచేసుకోగలదు. ఆ అరగంట నేను చేసిన పనల్లా మడమలు కిందికి నొక్కి, నడుము కొంచెం వెనక్కి వాల్చి, దానికి అడ్డం పడకుండా కూర్చోవడమే. ఎక్కేటప్పుడు దీనికి సరిగ్గా రివర్స్: ముందుకి వంగాలి, కావాలంటే జూలు పట్టుకోవచ్చు, దానికేం నొప్పి ఉండదు. స్వారీ రానివాళ్లు ఈ ప్రయాణం చేయగలగడానికి కారణం ఇదే. దారి దానికి తెలుసు. మీ బరువు సరిగ్గా మోయనిస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

అయితే కొన్ని తప్పులు మాత్రం చేయకూడదు. ఒకటి నేనే చేశాను. కనుమ మీద ఉండగా పది నిమిషాల్లో మబ్బు పట్టి వడగళ్లు మొదలయ్యాయి. గుర్రం మీదే కూర్చుని రెయిన్‌కోటు తీసి దులిపాను. ఆ ఫటఫట చప్పుడుకి గుర్రం బెదిరి పక్కకి ఒక్క గెంతు గెంతింది, నేను జీను ముందు కొమ్ము పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. గుర్రం మీద ఉండగా గాలికి రెపరెపలాడేది ఏదీ విప్పకండి. దిగండి, లేదా మబ్బు కనబడగానే ముందే తొడుక్కోండి. పగ్గం చేతికి చుట్టుకోకండి. పాదం ముందు భాగం మాత్రమే రికాబులో ఉండాలి. కాలు మొత్తం లోపలికి దూరితే, పడిపోయినప్పుడు ఇరుక్కుని ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే చిన్న మడమ ఉన్న బూట్లు వేసుకోండి, లావుపాటి ట్రెకింగ్ బూట్లు వద్దు. వెనకనుంచి దగ్గరికి వెళ్లకండి. ముందు గుర్రానికి ఒక గుర్రం పొడవైనా ఎడం ఉంచండి. హెల్మెట్ మీరే తీసుకెళ్లండి, అక్కడ దొరుకుతుందని నమ్ముకోవద్దు. మీ బరువు ఎక్కువైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి, తగిన గుర్రాన్ని చూస్తారు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు గుర్రపు స్వారీ, ఎత్తు ప్రదేశాలు రెండూ అందులో ఉన్నాయో లేదో చదివి మరీ తీసుకోండి. సరస్సు దగ్గర ఆసుపత్రి లేదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు.

ఎత్తు గురించి తేలిగ్గా తీసుకోకండి. రాజధాని బిష్కెక్ దాదాపు 800 మీటర్లు, కొచ్‌కోర్ దాదాపు 1,800, సరస్సు 3,016 మీటర్లు. బిష్కెక్ నుంచి ఒకే రోజులో కారులో సరస్సు దాకా వెళ్లిపోయినవాళ్లు రాత్రంతా తలనొప్పితో, వాంతులతో నిద్రపోకపోవడం చూశాను. కొచ్‌కోర్‌లో ఒక రాత్రి, దారిలో ఇంకో రాత్రి ఆగి వెళ్తే ఒంటికి అలవాటవుతుంది. గుర్రం మీద నెమ్మదిగా వెళ్లడంలో ఉన్న లాభం ఇది కూడా. బీపీ, గుండె సమస్యలేమైనా ఉంటే డాక్టర్‌ని అడిగాకే టికెట్ కొనండి.

సరస్సు మొదటిసారి కనబడినప్పుడు నాకు వెంటనే తట్టింది ఒక్క చెట్టు కూడా లేకపోవడం. దాదాపు 270 చదరపు కిలోమీటర్ల నీళ్లు, చుట్టూ గడ్డి, గడ్డి దాటాక కొండలు. ఇలాంటి వేసవి మేత భూముల్ని వాళ్లు జైలూ అంటారు. జూన్‌లో కుటుంబాలు మందలతో సహా పైకి వచ్చి, సెప్టెంబర్‌లో చలి ముదిరేలోపు కిందికి దిగిపోతాయి. చలికాలంలో సరస్సు గడ్డకట్టేస్తుంది. మనం పడుకునేది ఉన్ని కంబళ్లు కప్పిన గుండ్రటి గుడారంలో, దాన్ని బోజ్-ఉయ్ అంటారు, బయటివాళ్లకి యుర్త్ అంటే తెలుస్తుంది. పడుకుని పైకి చూస్తే నడినెత్తిన కర్రల వలయం ఒకటి కనబడుతుంది, తుందుక్ అంటారు. కిర్గిజ్‌స్తాన్ జెండా మధ్యలో ఉన్న బొమ్మ అదే.

చెట్లు లేవు కాబట్టి పొయ్యిలోకి కట్టెలు లేవు. ఎండబెట్టిన పేడే వంటచెరకు. మాకు ఆతిథ్యమిచ్చిన ఆమెని మేం ఎజే అని పిలిచేవాళ్లం, అంటే అక్క. సాయంత్రం ఆమె రేకు పొయ్యిలో పేడ ముక్కలు వేస్తే పది నిమిషాల్లో గుడారం వెచ్చబడేది. అర్ధరాత్రికి ఆరిపోతుంది, అప్పుడుంటుంది చలి. ఆగస్టులో కూడా మాకు పొద్దున బకెట్‌లో నీళ్ల మీద సన్నటి మంచు పొర కనబడింది. ఒంటికి అతుక్కునే ఉన్ని లోదుస్తులు ఒక జత, టోపీ, చేతి తొడుగులు తప్పకుండా పెట్టుకోండి. జీన్స్ వేసుకుని స్వారీ చేయకండి, లోపలి కుట్లు తొడలు ఒరిపిస్తాయి. సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే మెత్తటి షార్ట్స్ లోపల వేసుకుంటే చాలా హాయి.

తిండి: రొట్టె, మీగడ, జామ్, టీ, మాంసం. శాకాహారులైతే ముందే చెప్పండి, బంగాళాదుంపలు, నూడుల్స్ పెడతారు, కానీ ఎంపిక ఎక్కువ ఉండదు. కిమిజ్ అనే పులిసిన గుర్రపు పాలు ఇస్తారు. గౌరవంగా ఇచ్చేది కాబట్టి ఒక గుక్కయినా తాగండి, మొదటి రోజే గిన్నె నిండా మాత్రం వద్దు, కడుపుకి అలవాటు లేదు. మరుగుదొడ్డి గుడారాలకి దూరంగా గుంట మీద కట్టిన చిన్న గది, టార్చ్ ఉంచుకోండి. కార్డులు పనిచేయవు, కావాల్సిన సోమ్‌లు కొచ్‌కోర్‌లోనే డ్రా చేసుకోండి. గుర్రాలు, గైడ్, బస ఏర్పాటు చేసే సీబీటీ అనే స్థానిక కుటుంబాల పర్యాటక సంఘం ఆఫీసు కూడా ఆ ఊళ్లోనే ఉంది.

ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. దిగగానే గుర్రాల్ని మేతకి వదులుతారనుకున్నాను. ఆ అబ్బాయి వదల్లేదు. కడుపు కింద పట్టీ కాస్త వదులు చేసి, జీను తీయకుండా, ఒంటి చెమట ఆరేదాకా కట్టేసి ఉంచాడు. వేడిగా ఉన్నప్పుడు తిన్నా, చల్లటి నీళ్లు తాగినా జబ్బు చేస్తుందని చేతులతో చెప్పాడు. చీకటి పడే వేళకి జీను తీసి, తడిసిన వీపు మీద అరచేత్తో రుద్ది, కాళ్లకి బంధం వేసి గడ్డిలోకి వదిలాడు. ఆ బంధాన్ని తుషూ అంటారు. పిల్లలు మొదటి అడుగులు వేసే వయసులో వాళ్ల కాళ్లకి దారం కట్టి, మిగతా పిల్లలు పరిగెత్తుకొచ్చి దాన్ని కోసే వేడుక ఒకటి వాళ్లకి ఉంది, దాని పేరు కూడా ఈ బంధం మీదే వచ్చింది, తుషూ కెసూ అని. మేం అడిగామని ఎజే తన మనవడి వేడుక ఫోటో ఫోన్‌లో చూపించింది.

మీ చివరి ప్రశ్న, రెండు రోజులా మూడా. మూడు తీసుకోండి, వీలైతే నాలుగు. రెండు రోజుల ట్రిప్‌లో సాయంత్రం సరస్సు దగ్గరికి చేరి, ఒళ్లు నొప్పులతో పడుకుని, పొద్దున్నే మళ్లీ జీను ఎక్కాలి. మొదటి రోజు ఒళ్లు నొప్పులు అంతగా తెలియవు, రెండో రోజు ఉదయమే అసలు నొప్పి, మూడో రోజుకి ఒళ్లు సర్దుకుంటుంది. నేను నాలుగు రోజులు తీసుకుని, సరస్సు ఒడ్డున రెండు రాత్రులు ఉన్నాను. మధ్యలో దొరికిన ఆ ఒక్క పూర్తి రోజు గుర్రం ఎక్కలేదు. ఎజే రెండు గంటలకోసారి ఆడగుర్రాల పాలు పితుకుతుంటే, తాళ్లకి వరసగా కట్టిన పిల్లల్లో ఒకదాన్ని విప్పి తల్లి దగ్గరికి తీసుకెళ్లి, అది కాస్త చప్పరించగానే వెనక్కి లాగి పట్టుకునే పని నాకు అప్పజెప్పింది. సాయంత్రానికి ఆ పిల్ల నా చొక్కా చెయ్యి నములుతూ పక్కనే నిలబడేది.